కాల్క్యులస్‌కు ముందు ఒక సెమిస్టరు

ఇన్సేన్ అంటే బయటివాళ్లకు జైలే. మయన్మార్‌లోని యాంగోన్ (పాత రంగూన్) వాళ్లకు మాత్రం అది రైలింజన్లు బాగుచేసే పేట, ఇంజనీర్లు తయారయ్యే పేట. యాంగోన్ టెక్నలాజికల్ యూనివర్సిటీ ఉన్నది ఇక్కడి జోగోన్‌లోనే. 1924లో రంగూన్ విశ్వవిద్యాలయంలో ఒక శాఖగా పుట్టి, సోవియట్ సాయంతో కట్టిన ఈ ఆవరణకు 1961లో చేరి, 1964లో రంగూన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీగా విడిపడింది. పెద్దవాళ్లు ఇప్పటికీ ఆర్‌ఐటీ అనే అంటారు.

కాకినాడ, భీమిలి, విశాఖ రేవుల్లో ఓడెక్కి వచ్చి ఇక్కడ 'కోరంగీ'లు అనిపించుకున్న తెలుగు కూలీల మునిమనవలు కొందరు ఈ నగరంలోనే మిగిలిపోయారు. కింద మాట్లాడే ఇద్దరూ అలాంటి ఇంటివాళ్లుగా నేను ఊహించుకున్నవాళ్లు. మావయ్య ఆర్‌ఐటీలో చదివి, రిటైరై, ఇంటి దగ్గర ట్యూషన్ చెబుతున్నాడు. మేనకోడలు అదే ఆవరణలో చదివిన ఇంజనీరు, ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్పి సంపాదించుకుంటోంది. మనుషులు కల్పితం. వాళ్ల నోట వచ్చే ఏళ్లూ లెక్కలూ మాత్రం కల్పన కాదు.

పేచీ మేనకోడలి చెల్లెలి గురించి. పదిహేడేళ్ల పిల్ల. బడి మధ్యలో ఆగిపోయి, జీఈడీ అనే అమెరికా సమానార్హత పరీక్ష పాసై, బ్యాంకాక్‌లో అమెరికన్ సిలబస్ నడిపే ఒక కాలేజీలో సీటు తెచ్చుకుంది. చేర్చుకునే ముందు కాలేజీ పెట్టిన పరీక్షలో ఆమెను కాల్క్యులస్‌కు కాకుండా ప్రీకాల్క్యులస్‌కు పంపారు.

*

మేనకోడలు: ఒక సెమిస్టరు ఫీజు బూడిదలో పోసినట్టే మావయ్యా. ఇంకోసారి పరీక్ష రాస్తే కాల్క్యులస్‌కి మారుస్తారట. పదిహేను రోజులు నేనే కూచోబెట్టి రాయించేస్తాను.

మావయ్య: అసలా కోర్సులో ఏం చెబుతారో చూశావా?

మేనకోడలు: చూడకేం. అరిజోనా స్టేట్ యూనివర్సిటీ జే అబ్రామ్సన్ రాసిన ఓపెన్‌స్టాక్స్ పుస్తకం 2014 నుంచి ఉచితంగా దొరుకుతోంది. పన్నెండు అధ్యాయాలు. ప్రమేయాలు, సరళరేఖలు, బహుపదులు, ఘాత ప్రమేయాలు, సంవర్గమానాలు, త్రికోణమితికి మూడు నాలుగు అధ్యాయాలు, శాంకవాలు, శ్రేఢులు, ఆఖర్న అవధుల పరిచయం. మన టెన్త్ స్టాండర్డ్ పుస్తకంలో లేనిదేముంది అందులో? శేష సిద్ధాంతం, ద్విపద సిద్ధాంతం, మాత్రికలు, త్రికోణమితి, చివరికి అవకలనం కూడా పదహారేళ్లకే చదివేశాం. విశాఖలో మన బంధువుల పిల్లలైతే ఇంటర్ ఎంపీసీలో 1ఏ, 1బీ, 2ఏ, 2బీ అని నాలుగు పేపర్లు రాసి సమాకలనం దాకా పోయినవాళ్లే. ప్రీకాల్క్యులస్ అనే పేరు కూడా విని ఉండరు. అమెరికా వాడు బడిలో చెప్పకుండా వదిలేసింది కాలేజీలో అమ్ముకుంటున్నాడు. అంతే.

మావయ్య: మనం చదివాం. విశాఖ పిల్లలూ చదివారు. నీ చెల్లెలు చదివిందా?

మేనకోడలు: జీఈడీ లెక్కల్లో దానికి 168 వచ్చింది. పాసు మార్కు 145. 165 దాటితే కాలేజీకి సిద్ధమైనట్టేనని ఆ పరీక్ష పెట్టేవాళ్లే అంటారు.

మావయ్య: ఏ కాలేజీకి, ఏ చదువుకి? ఆ పరీక్షలో త్రికోణమితి లేదు. సంవర్గమానం లేదు. మొదటి అయిదు ప్రశ్నలు పోతే మిగతా అంతా కాల్‌క్యులేటర్ పట్టుకునే రాయొచ్చు. సామాను లెక్కలు, శాతాలు, ఒక సరళరేఖ, ఒక వర్గ సమీకరణం. నర్సింగ్‌కో హోటల్ మేనేజ్‌మెంట్‌కో చాలేమో. ఈ పిల్ల కంప్యూటర్ ఇంజనీరింగ్ అంటోంది. 2020లో కోవిడ్ అని బడి మూశారు. 2021లో సైన్యం అధికారం లాక్కున్నాక ఏమైందో నువ్వూ చూశావు. తొమ్మిదో తరగతిలో చదవాల్సినవాటిని అది వీడియోల్లో చూసింది. చూడ్డం వేరు, చేతితో చెయ్యడం వేరు.

మేనకోడలు: నీకు ప్రతిదీ చేతిరాతలో కనబడాలి.

మావయ్య: నాకు జరిగింది కాబట్టి. 1988 మార్చిలో నేను ఆర్‌ఐటీలో ఫస్టియర్. మా ఆవరణ పక్కన టీకొట్టులో మొదలైన గొడవ, మార్చి 13న ఫోన్ మా అనే విద్యార్థి పోలీసు కాల్పుల్లో చనిపోయేదాకా వెళ్లింది. తర్వాత దేశమంతా రేగిన తిరుగుబాటు ఏమైందో తెలుసు. యూనివర్సిటీలు 1991 దాకా తెరవలేదు. మూడేళ్ల తర్వాత వెళ్లి కూచుంటే మేష్టారు అవకలనం చెబుతున్నారు. సూత్రం అర్థమైంది తల్లీ. మధ్యలో ఒక మెట్టు దగ్గర, సైన్ రెండు థీటాని విడదియ్యాల్సిన చోట, చెయ్యి ఆగిపోయింది. నా ఒక్కడికి కాదు, బెంచీ బెంచీకి అదే. 1996 డిసెంబర్లో మళ్లీ మూశారు, 2000 దాకా. ఆ బ్యాచ్ పిల్లలకు నేనే ట్యూషన్ చెప్పాను. వాళ్లకీ అంతే. కాల్క్యులస్‌లో తప్పినవాళ్లు కాల్క్యులస్ రాక తప్పరు. దాని ముందరిది రాక తప్పుతారు.

మేనకోడలు: కథ బాగుంది. అధ్యయనం ఇంకోటి చెబుతోంది. హార్వర్డ్‌లో గెర్హార్డ్ సోనర్ట్, ఫిలిప్ సాడ్లర్ అని ఇద్దరు, అమెరికా అంతటా కాల్క్యులస్ చదివే విద్యార్థుల వివరాలు తీసుకుని చూశారు. 2014లో అచ్చయింది. కాలేజీలో ప్రీకాల్క్యులస్ తీసుకున్నందువల్ల తర్వాత కాల్క్యులస్ మార్కుల్లో చెప్పుకోదగ్గ మెరుగు లేదని తేల్చారు. అంతటితో ఆగలేదు. కాలిఫోర్నియా 2022లో చట్టమే చేసింది. అక్కడి కమ్యూనిటీ కాలేజీలు పిల్లల్ని కింది కోర్సుల్లో ఇరికించడం తగ్గించి, నేరుగా కాల్క్యులస్‌లో కూచోబెట్టి, పక్కన సహాయక తరగతి పెట్టే దారికి వస్తున్నాయి. కింది మెట్టు మీద నిలబెడితే చాలామంది పైకి రాకుండా అక్కణ్నుంచే ఇంటికి పోతున్నారని.

మావయ్య: ఆ ఇద్దరే 2018లో ఇంకో వ్యాసం రాశారు. అది చదవలేదా?

మేనకోడలు: ఏది?

మావయ్య: బడిలోనే కాల్క్యులస్ చదివి వచ్చినవాళ్లకు కాలేజీ కాల్క్యులస్‌లో ఎంత లాభం, దానికి ముందరి లెక్కలు గట్టిగా వచ్చినవాళ్లకు ఎంత లాభం అని పోల్చారు. ముందరి లెక్కల పట్టు రెండింతల కంటే ఎక్కువ పనిచేసిందట. బీజగణితం, ప్రమేయాలు, త్రికోణమితి. నేను చెప్పేది అదేగా?

మేనకోడలు: కాదు. ఆ లెక్కలు రావాలన్నది ఒకటి. ఆ కోర్సు తీసుకోవాలన్నది ఇంకోటి. రెండు వ్యాసాలూ కలిపి చదివితే ఏం తేలుతోంది? ఆ పట్టు అవసరమే, కానీ ఆ కోర్సు దాన్ని ఇవ్వడం లేదని. మందు కావాల్సిన రోగమే, ఈ సీసాలో మందు లేదు.

*

ఇక్కడ మావయ్య కాసేపు మాట్లాడలేదు. నాకూ ఆ రెండు అధ్యయనాల్లో మొదటిదాన్ని దాటడం కష్టమనిపిస్తుంది. ఒక్క మాట మాత్రం చెప్పుకోవాలి. అది సగటు చెబుతుంది. బడి నుంచి నేరుగా కాలేజీకి వచ్చిన అమెరికా పిల్లలే ఆ సగటులో ఎక్కువ. ఏళ్ల తరబడి బడి మూతపడిన పేటలో పెరిగిన పిల్ల ఆ సగటులో ఎక్కడ కూచుంటుందో అది చెప్పదు. మావయ్యకి ఈ సమాధానం తట్టలేదు. ఆయన ఇంకో దారి పట్టాడు.

*

మావయ్య: సీసా సంగతి సరే, మందు గురించి మాట్లాడదాం. సైన్ అంటే ఏంటని నీ చెల్లెల్ని అడిగాను. ఎదుటి భుజం బై కర్ణం అంది. మంచిదే. సైన్ 200 డిగ్రీలు ఎంత అన్నాను. త్రిభుజం గీయబోయింది. 200 డిగ్రీల కోణం ఏ త్రిభుజంలో ఉంటుంది? అక్కడే కాగితం వదిలేసింది.

మేనకోడలు: కాల్‌క్యులేటర్ నొక్కితే మైనస్ 0.342 అని వస్తుంది.

మావయ్య: మైనస్ ఎందుకొచ్చింది?

మేనకోడలు: నాకు తెలుసు మావయ్యా. దానికి తెలీదంటావు.

మావయ్య: మన సర్క్యులర్ రైలు చూపించాను. నలభై ఆరు కిలోమీటర్లకు కాస్త తక్కువ, 39 స్టేషన్లు, చుట్టు తిరిగి రావడానికి దాదాపు మూడు గంటలు. సెంట్రల్ స్టేషన్లో ఎక్కి దిగకుండా కూచుంటే మళ్లీ సెంట్రల్‌కే వస్తావు. ఎన్ని చుట్లు తిరిగినా ఇన్సేన్ ఇన్సేన్ దగ్గరే ఉంటుంది. కుడివైపు వెళ్లే రైలుంది, ఎడమవైపు వెళ్లే రైలుంది. కోణాన్ని అలా చూడమన్నాను. త్రిభుజంలో ఇరుక్కున్న మూల కింద కాకుండా వలయం మీద చేసిన ప్రయాణం కింద. అప్పుడు 200 డిగ్రీలు ఉంటుంది, 2000 డిగ్రీలు ఉంటుంది, మైనస్ 30 కూడా ఉంటుంది. సైన్ అంటే ఆ క్షణాన నువ్వు నడిమి గీతకు ఎంత పైన ఉన్నావు, ఎంత కింద ఉన్నావు అన్నది. 200 దగ్గర సగం చుట్టు దాటేశావు, కిందకి దిగావు, కాబట్టి మైనస్. అమ్మాయి మొహం వెలిగింది.

మేనకోడలు: మన రైలు మూడు గంటలకే తిరిగొస్తే నేనూ ఒప్పుకుంటాను. దానికి పీరియడ్ అనేది ఉంటే కదా.

మావయ్య: సరే, రైలు వద్దు, ఏరు తీసుకో. యాంగోన్ నది పోటు పన్నెండు గంటల పాతిక నిమిషాలకోసారి వస్తుంది. అది ఆలస్యం అవదు. మా తాత రేవులో బియ్యం బస్తాలు మోసిన కాలంలో పనికి పిలుపు గడియారాన్ని బట్టి కాదు, పోటును బట్టి వచ్చేదట. నది లోపల ముప్పై కిలోమీటర్లున్న రేవు ఇది, ఓడ లోపలికి రావాలంటే పోటు ఉండాలి. ఆ నీటిమట్టాన్ని సైన్‌తో రాయమను. ఎత్తెంత, ఎన్ని గంటలకోసారి, ఎక్కడ మొదలు. రెండు పైలను 12.42తో భాగిస్తే 0.506. ఆ అంకె సైన్ లోపల కూచుంటుంది. ఇది రాయగలిగిన పిల్లకి త్రికోణమితి వచ్చినట్టు. త్రిభుజం భుజాలు కట్టిన పిల్లకి రానట్టు.

మేనకోడలు: ఇదంతా డిగ్రీల్లో చెప్పకుండా రెండు పైలు అన్నావు. రేడియన్లలోకి ఎందుకు మారావు? చెల్లెలు అడిగితే ఏం చెబుతావు?

మావయ్య: చుట్టు మీద నడిచిన దూరాన్ని వ్యాసార్థంతో కొలవడం...

మేనకోడలు: అది నిర్వచనం. ఎందుకు మార్చాలి అన్నదానికి జవాబు కాదు. అసలు జవాబు కాల్క్యులస్‌లో ఉంది. చిన్న కోణం దగ్గర సైన్ విలువ, కోణం విలువ దాదాపు ఒకటే అవడం రేడియన్లలోనే జరుగుతుంది. డిగ్రీల్లో పెట్టుకుంటే ప్రతి అవకలనానికీ వెనక 0.01745 అనే అంకె వేలాడుతుంది. అది వదిలించుకోడానికే రేడియన్. ఈ మాట ప్రీకాల్క్యులస్‌లో చెప్పలేరు, ఎందుకంటే అవకలనం ఇంకా రాలేదు. 'ఇ' అనే అంకె కూడా అంతే. 2.718 అని చెప్పి బట్టీ పట్టిస్తారు. పాక్షిక భిన్నాలూ అంతే, సమాకలనం దాకా వాటి పని ఏమిటో తెలీదు. నా అసలు కోపం ఇదీ మావయ్యా. ఆ కోర్సు నిండా, పిల్ల ఇంకా అడగని ప్రశ్నలకు జవాబులే. ప్రశ్న పుట్టిన చోట చెబితే పది నిమిషాల్లో ఎక్కేది, ఆరు నెలల ముందు చెబితే గాలికి పోతుంది.

మావయ్య: ఆయిలర్ అలా అనుకోలేదు. 1748లో ఆయన రాసిన పుస్తకమే ఒక రకంగా మొట్టమొదటి ప్రీకాల్క్యులస్ పుస్తకం. ప్రమేయాలు, ఘాతాలు, సంవర్గమానాలు, సైన్లు, శాంకవాలు అన్నీ అందులో పెట్టి, అవకలన గ్రంథం 1755లోగానీ వేయలేదు. ముందుమాటలోనే చెప్పాడు, మామూలు బీజగణితం సరిగ్గా రాకుండా ఈ పై విద్యకు ఎగబడటం వల్లే పిల్లలు తంటాలు పడుతున్నారని. అప్పటికీ ఇప్పటికీ మారిందేం లేదు.

మేనకోడలు: ఆయిలర్ పుస్తకం లోపలికి వెళ్లి చూడు. అనంత సూక్ష్మమైన అంకెల్ని తెచ్చుకుని 'ఇ'కి శ్రేణి రాబట్టాడు. అంటే చాటుగా కాల్క్యులస్ వాడుకున్నాడు! ఆయనకే కుదరలేదు, ఓపెన్‌స్టాక్స్‌కి కుదురుతుందా?

మావయ్య: ఇది బాగుంది. ఇది ఒప్పుకుంటాను. కానీ 'ఇ'కి కాల్క్యులస్ కావాలేమో, సంవర్గమానానికి అక్కర్లేదు. 2021 జనవరిలో డాలరు ఎంత?

మేనకోడలు: పదమూడు వందల ముప్పై క్యాట్లు.

మావయ్య: 2024 ఆగస్టులో, బజార్లో?

మేనకోడలు: ఆరు వేలు దాటింది.

మావయ్య: ఆరు వేలే అనుకో. మూడేళ్ల ఏడు నెలల్లో నాలుగున్నర రెట్లు. ఇదే తీరున పోయిందనుకుంటే రెట్టింపవడానికి ఎన్నాళ్లు పట్టింది? దీన్ని కూడికతో చేస్తే తప్పు జవాబొస్తుంది, భాగహారంతో చేసినా తప్పొస్తుంది. గుణకారం మీద గుణకారం ఎక్కుతున్నప్పుడు 'ఎన్నిసార్లు' అని వెనక్కి అడగడానికే సంవర్గమానం. రెండు సంవర్గమానాన్ని నాలుగున్నర సంవర్గమానంతో భాగించి, నలభై మూడు నెలలతో గుణిస్తే దాదాపు ఇరవై నెలలు. ఈ ఊళ్లో అప్పిచ్చినవాడికీ, చీటీ కట్టినవాడికీ, జీతం క్యాట్లలో తీసుకుని ఫీజు డాలర్లలో కట్టబోతున్న మీ నాన్నకీ ఈ లెక్క వెంటనే పనికొచ్చేదే. దీనికి కాల్క్యులస్ దాకా ఆగమంటావా? 2025 మార్చి 28న సగాయింగ్ భూకంపం 7.7 అన్నారు. 6.7 కంటే అది 'ఒకటి ఎక్కువ' అని నీ చెల్లెలు అనుకుంది. కదలిక పది రెట్లని, శక్తి ముప్పై రెట్ల పైనని ఎవరూ చెప్పలేదు దానికి.

మేనకోడలు: అప్పు లెక్క బాగుంది. అలా చెబితే నేనూ కూచుంటాను. కానీ ఆ క్లాసులో అలా చెప్పరు. సంవర్గమాన సూత్రాలు ఆరు బోర్డు మీద రాసి, హోంవర్కు నలభై ఇస్తారు. త్రికోణమితి సర్వసమీకరణాలు ఇంకో పేజీ. ఎడమవైపు కుడివైపు సమానమని నిరూపించు, నిరూపించు, నిరూపించు. వాటిలో కాల్క్యులస్‌కి నిజంగా కావాల్సినవి ఎన్ని? వర్గాల మొత్తం ఒకటి, కోణాల కూడిక సూత్రాలు, రెండు థీటా, అంతే. అడ్డం తిప్పిన అతిపరావలయం సమీకరణం రాసిన ఇంజనీర్ని జోగోన్‌లో నేనెవర్నీ చూడలేదు.

మావయ్య: శాంకవాలు తీసేసినా నాకు బాధ లేదు. అవి ఎవరికో అలవాటై ఉండిపోయాయి. కానీ ఒక్కటి వదలను. ప్రమేయం. ఒక సంఖ్య లోపలికి వెళ్తే ఒకే సంఖ్య బయటికి రావడం, దేన్ని లోపలికి రానిస్తారో, ఏవేవి బయటికి రాగలవో చూడటం, బయటికొచ్చినదాన్ని బట్టి లోపలికి పోయినదేంటో వెనక్కి పట్టుకోగలమా అని అడగడం. కాల్‌క్యులేటర్లో విలోమ సైన్ నొక్కితే ఒకే కోణం చూపిస్తుంది. సైన్ 30కీ సగమే, సైన్ 150కీ సగమే. రెండోది ఎందుకు చూపించలేదో తెలియని పిల్ల, రేపు వంతెన దూలం కోణం తప్పు వేస్తుంది. ప్రదేశాన్ని కుదించుకుంటే తప్ప విలోమం లేదన్న మాట ఇంటర్ ఎంపీసీ పిల్లలు మొదటి నెలలో బట్టీ పడతారు, ఎందుకో తెలీకుండా. అదీ నష్టమే.

మేనకోడలు: గ్రాఫ్ గీసే యాప్‌లున్నాయి మావయ్యా. ఒక్క చూపులో తెలుస్తుంది.

మావయ్య: ఎక్స్ వర్గంలోంచి ఒకటి తీసి, ఎక్స్ మైనస్ ఒకటితో భాగించిన ప్రమేయం నీ యాప్‌లో గియ్యి. ఏం కనబడుతోంది?

మేనకోడలు: సరళరేఖ.

మావయ్య: ఒకటి దగ్గర?

మేనకోడలు: ...అక్కడ చుక్క లేదు. సున్నా బై సున్నా. యాప్‌లో కనబడదు.

మావయ్య: కనబడదు! ఆ లేని చుక్క దగ్గరే అవధి మొదలవుతుంది. కాల్క్యులస్ మొత్తం అలాంటి చుక్క దగ్గర నిలబడి అడిగే ప్రశ్న. రేఖ ఎటు పోతోందో చూసి రెండు దగ్గరకి వస్తోందని చెప్పగలిగినవాడికి మొదటి వారం గడిచిపోతుంది. ఎక్స్ మైనస్ ఒకటిని పైనా కిందా కొట్టేసి 'ఎక్స్ ప్లస్ ఒకటి, అంతే కదా' అన్నవాడికి ఏం జరుగుతోందో అర్థం కాదు. వాడు పాసవుతాడు కూడా. అదింకా ప్రమాదం.

మేనకోడలు: నువ్వు చెప్పేవన్నీ బాగున్నాయి. కానీ నేను ఆన్‌లైన్‌లో చూసే పిల్లలు ఇంత దూరం రారు. వాళ్లు తప్పేది ఇంకా కింద. వర్గమూలంలో తొమ్మిది ప్లస్ పదహారు అంటే మూడు ప్లస్ నాలుగు, ఏడు అని రాస్తారు. అయిదు అని ఎందుకు రాయరు? పాతిక అని కూడేదాకా ఆగరు. ఎ ప్లస్ బి మొత్తం వర్గం అంటే ఎ వర్గం ప్లస్ బి వర్గం. భిన్నంలో కింద ఉన్నదాన్ని పైకి విడగొట్టేస్తారు. నిజం చెప్పాలంటే, కాల్క్యులస్ పేపర్లు దిద్దితే సగం ఎర్రసిరా వీటికే పోతుంది.

మావయ్య: చూశావా?

మేనకోడలు: చూశాను. కానీ ఇది ఎనిమిదో తరగతి బీజగణితం. ప్రీకాల్క్యులస్ కాదు. దీనికి సెమిస్టరు అక్కర్లేదు, రెండు వారాలు గట్టిగా కూచుంటే చాలు.

మావయ్య: ఆరేళ్ల పాటు చేతికి పట్టిన అలవాటు రెండు వారాల్లో పోదమ్మా. ప్రతి రోజూ కొంచెం చొప్పున, వేరే పని మీద ఉన్నప్పుడు దిద్దుతూ ఉంటే పోతుంది. ఆ సెమిస్టరు పని అదే. పైకి సైన్లు, సంవర్గమానాలు చెబుతున్నట్టుంటుంది, లోపల బీజగణితం చెయ్యి తిరుగుతూ ఉంటుంది.

మేనకోడలు: కాల్క్యులస్ చేస్తున్నప్పుడు చెయ్యి తిరగదా?

మావయ్య: తిరుగుతుంది, తట్టుకున్నవాడికి. తట్టుకోలేనివాడు నాలుగో వారానికి మానేస్తాడు. మానేసినవాడి ఫీజు ఎవడు తిరిగిస్తాడు?

మేనకోడలు: ఫీజు మాటకొస్తే అసలు భయం నాకూ అదే. కింది కోర్సులో ఉంచితే విసుగొచ్చి మానేస్తుందేమోనని నాకు, పైకి పంపితే బెదిరి మానేస్తుందేమోనని నీకు. మనం వాదించుకోవడం దేనికి, దాన్నే అడుగుదాం. నువ్వు ప్రశ్నలివ్వు. అయిదే ఇవ్వు. కాల్‌క్యులేటర్ వద్దు, గంట సమయం. మూడు చేస్తే కాల్క్యులస్. సరేనా?

మావయ్య: సరే. రాసుకో. ఎక్స్ వర్గం అనే ప్రమేయం తీసుకుని, మూడు ప్లస్ హెచ్ దగ్గరి విలువలోంచి మూడు దగ్గరి విలువ తీసేసి హెచ్‌తో భాగిస్తే ఏం మిగులుతుంది? ఇది ఒకటి. సైన్ 200 డిగ్రీలు...

మేనకోడలు: అది చెప్పేశావుగా దానికి.

మావయ్య: అయితే కొసైన్ 200 డిగ్రీలు ధనమా ఋణమా, బొమ్మ గీసి కారణం చెప్పాలి. మూడోది, ఏటా ఎనిమిది శాతం పెరిగే సొమ్ము రెట్టింపవడానికి ఎన్నేళ్లు? అంకె అక్కర్లేదు, సంవర్గమానాల్లో రాస్తే చాలు. నాలుగోది, ఎక్స్ వర్గానికి వర్గమూలం ఎక్స్‌తో సమానం అన్నది ఎప్పుడు నిజం, ఎప్పుడు అబద్ధం? అయిదోది, ఒకటి బై ఎక్స్ అనే ప్రమేయం గీసి, ఎక్స్ బాగా పెద్దదైతే ఏమవుతుంది, సున్నా పక్కకి కుడి నుంచి వస్తే ఏమవుతుంది, ఎడమ నుంచి వస్తే ఏమవుతుంది, మూడు వాక్యాల్లో రాయాలి.

మేనకోడలు: వాక్యాల్లోనా? లెక్కల పరీక్షలో?

మావయ్య: వాక్యం రాయలేనివాడికి గ్రాఫ్ అర్థం కాలేదని లెక్క.

*

ఆ పిల్ల రెండు చేసింది. మొదటిది తప్పింది. హెచ్ వర్గం ఒక్కటే రాసి, మధ్యలో రావాల్సిన ఆరు హెచ్‌ని మింగేసింది. అక్క చెప్పిన తప్పే. నాలుగోది ఎప్పుడూ నిజమేనని రాసింది. మూడోదాని జోలికే పోలేదు. కొసైన్ మాత్రం రైలు బొమ్మ గీసి ఋణమని చెప్పింది, అయిదోదానికి మూడు వాక్యాలూ శుభ్రంగా రాసింది.

మేనకోడలు మాట తప్పలేదు. ప్రీకాల్క్యులస్‌కే ఫీజు కట్టించింది. శాంకవాలు వచ్చిన వారాల్లో క్లాసుకి వెళ్లినా వెళ్లకపోయినా తను అడగననీ, ఆ సమయానికి అవకలనం మొదటి పాఠాలు తనే చెబుతాననీ షరతు పెట్టింది. మావయ్య దానికి ఒప్పుకున్నాడు.

ఈ కోర్సు మీద మేనకోడలి విమర్శ నాకు మావయ్య సమర్థన కంటే బలంగానే కనిపిస్తుంది. చాలాచోట్ల అది సూత్రాల జాబితాగా దిగజారిన మాట నిజం. అయినా బడి మధ్యలో తెగిపోయిన పిల్లల విషయంలో నేను మావయ్య పక్కనే ఉంటాను. ఇన్సేన్‌లోనే కాదు, కోవిడ్ రెండేళ్లూ ఫోన్లో పాఠాలు విని ఇంటర్ దాటేసిన మన పిల్లల్లోనూ అలాంటివాళ్లున్నారు. మీ ఇంట్లో అమెరికాకో, ఆస్ట్రేలియాకో, బ్యాంకాక్‌కో బయల్దేరుతున్న పిల్లలుంటే, వాళ్ల మార్కుల జాబితా పక్కన పెట్టి, పైన మావయ్య ఇచ్చిన అయిదు ప్రశ్నలూ కాగితం మీద చేయించి చూడండి. మూడు తప్పితే ఆ సెమిస్టరు కట్టండి. మూడు చేస్తే ఆ డబ్బు మిగుల్చుకుని నేరుగా కాల్క్యులస్‌కి పంపండి.